రాసిన లెక్క పోకూడదు

యాప్ డెవలపర్‌గా నాకు అన్నిటికంటే పైన ఒక నియమం ఉంది. మనిషి ఒకసారి ఫోన్లో రాసింది పోకూడదు. రంగులు బాగోకపోయినా సర్దుకుంటారు. బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చినా నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. రాసింది పోతే మాత్రం ఆ యాప్ మళ్ళీ తెరవరు, పక్కవాళ్ళని కూడా తెరవనివ్వరు. నేను వాడే పద్ధతులు, టూల్స్ గురించి రాయమని జూనియర్లు చాలాకాలంగా అడుగుతున్నారు. రాద్దామని కూర్చుంటే అన్నీ తిరిగి తిరిగి ఈ నియమం దగ్గరికే వస్తున్నాయి.

మేం ముగ్గురం మధురవాడలో ఒక చిన్న ఆఫీసు తీసుకుని, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు నడిపేవాళ్ళ కోసం లెక్కల యాప్ చేస్తున్నాం. బోటు వేటకి కదిలేముందు డీజిల్ ఎంత, ఐసు ఎంత, వంటసరుకులు ఎంత, కలాసీలకి అడ్వాన్సు ఎంత ఇచ్చారన్నది రాసుకుంటారు. తిరిగొచ్చాక వంజరం ఎన్ని కిలోలు, చందువ ఎన్ని, రొయ్య ఎంత, వేలంలో ఏది ఎంతకి పోయింది, ఎవరు డబ్బిచ్చారు, ఎవరు రేపిస్తామన్నారు అన్నది రాస్తారు. ఇదంతా తెల్లవారుజామున, జనం మధ్య, తడిచేతులతో, ఒక చెవి వేలం పాట మీద వేసి రాసే లెక్క. అది పోతే మళ్ళీ కూర్చుని రాయడం కుదరదు. అప్పటికే సరుకు ఐసు పెట్టెల్లో లారీ ఎక్కేసి ఉంటుంది, కొన్నవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

అక్కడ ఎక్కువమంది చేతుల్లో ఉండేవి రెండు, మూడు జీబీ ర్యామ్ ఫోన్లు. వాటిలో వాట్సాప్, యూట్యూబ్, ఏదో ఒక యూపీఐ యాప్ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మన యాప్‌లో సగం ఎంట్రీ రాసి, తూకం చీటీ ఫోటో తీద్దామని కెమెరా తెరుస్తారు. మెమరీ చాలక ఆండ్రాయిడ్ మన యాప్‌ని వెనకాల చంపేస్తుంది. ఫోటో తీసుకుని వెనక్కి వస్తే ఫారం ఖాళీగా ఉంటుంది. సిస్టమ్ తన పద్ధతి ప్రకారమే చేసింది కాబట్టి ఇది క్రాష్ లెక్కల్లోకి రాదు. డెవలపర్ టేబుల్ మీద ఉండే పన్నెండు జీబీ ఫోన్లో అయితే దాదాపు జరగదు. అందుకే చాలా యాప్‌లలో ఈ లోపం ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

రాసింది వ్యూమోడల్‌లో (స్క్రీన్ సమాచారాన్ని మెమరీలో పట్టుకుని ఉండే భాగం) పెడితే చాలు కదా అని ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు చాలామంది అంటారు. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు వ్యూమోడల్ నిలబడుతుంది. ప్రాసెస్, అంటే నడుస్తున్న యాప్ మొత్తం, పోతే దానితోపాటే పోతుంది. సిస్టమ్ యాప్‌ని చంపినా మిగిలే సమాచారాన్ని దాచే సేవ్డ్ స్టేట్ హ్యాండిల్ ఉన్నది అందుకే, కానీ అందులో చిన్న విషయాలే పెట్టాలి. ఆ మూట (బండిల్) సిస్టమ్‌కి చేరే దారి, బైండర్ బఫర్, ప్రాసెస్ మొత్తానికి కలిపి ఒక ఎంబీ. ఫోటోలు, పొడుగాటి జాబితాలు అందులో కుక్కితే ట్రాన్సాక్షన్ టూ లార్జ్ అంటూ యాప్ కూలిపోతుంది. మేం అందులో డ్రాఫ్ట్ ఐడీ ఒక్కటే పెడతాం. అసలు రాత అంతా టైపు చేస్తుండగానే రూమ్ అనే లైబ్రరీతో ఫోన్లో కట్టిన డేటాబేస్‌లో పడిపోతుంటుంది. వేలు ఆగిన అరసెకనుకి ఒకసారి, స్క్రీన్ వెనక్కి వెళ్ళేటప్పుడు ఆన్‌స్టాప్‌లో ఇంకోసారి రాస్తాం. మా యాప్‌లో సేవ్ నొక్కితే జరిగేది ఆ డ్రాఫ్ట్ లెక్కలోకి ఎక్కడం, అంతే. అప్పటికే రాత ఫోన్లో భద్రంగా ఉంటుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. ముందు డెవలపర్ ఆప్షన్లలో డోంట్ కీప్ యాక్టివిటీస్ ఆన్ చేసి ఒక పూట యాప్ వాడండి. అది యాక్టివిటీని, అంటే స్క్రీన్‌ని, తీసేస్తుంది కానీ ప్రాసెస్‌ని ముట్టుకోదు. అందుకని అక్కడితో ఆగొద్దు. సగం ఎంట్రీ రాసి, హోమ్ నొక్కి, ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీ షెల్‌లో (ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) వెనకాల ఉన్న యాప్‌ని చంపే ఏఎమ్ కిల్ కమాండ్ ఇచ్చి, రీసెంట్స్ లోంచి యాప్‌కి తిరిగి రండి. ఫోర్స్ స్టాప్‌తో ఈ పరీక్ష చేయకూడదు. ఫోర్స్ స్టాప్ చేస్తే దాచిన స్టేట్ కూడా తిరిగి రాదు, మనకి కావలసిన పరిస్థితి అది కాదు. మా దగ్గర కొత్త స్క్రీన్ ఏదైనా ఈ పరీక్ష దాటితేనే మెయిన్ బ్రాంచ్‌లో, అంటే అసలు కోడ్‌లో, కలుస్తుంది. యూనిట్ టెస్టులు తక్కువున్నా నేను ఊరుకుంటానేమో, దీని దగ్గర మాత్రం ఊరుకోను.

ఇక నెట్ సంగతి. జెట్టీ దగ్గర సిగ్నల్ బాగానే ఉంటుంది. బోటు బయటికి పోయాక ఉండదు. వారం, పది రోజులు, అంతకంటే ఎక్కువే సముద్రంలో ఉండే బోట్లు ఉన్నాయి. బోటు నడిపే సరంగు అక్కడ రాసిన లెక్క ఒడ్డుకి వచ్చేదాకా ఫోన్లోనే క్షేమంగా ఉండాలి. యాప్ మొదలుపెట్టకముందు వాళ్ళ అవసరాలు తెలుసుకుందామని హార్బర్‌కి వెళితే, ఒక పెద్దాయన తన ఫోన్లో వేరే లెక్కల యాప్ ఏదో తెరిచి చూపించారు.

"ఏటమ్మా ఇది, గుండ్రంగా తిరుగుతానే ఉంటది. నాను రాసింది ఎక్కిందా నేదా, అది సెప్పదేటి?"

"నెట్ ఉంటేనే ఎక్కుతుంది బాబాయ్" అన్నాను.

"మరి నెట్ లేనప్పుడే కదమ్మా నాకు రాసే పని" అన్నారాయన.

ఆ మాటని మా డిజైన్ డాక్యుమెంట్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాం. మా యాప్‌లో రాసేటప్పుడు గుండ్రంగా తిరిగేది ఎక్కడా కనిపించదు.

ఆఫ్‌లైన్ అంటే సముద్రం మీద పనిచేసేవాళ్ళ గొడవ అనుకోవడానికి లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇంజినీరింగ్‌లో ఉన్నాను. రోజుల తరబడి ఊళ్ళో కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ఫోన్ ఉన్నా ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో తెలియని పరిస్థితి. అది చూసిన తర్వాత నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మీద నేను ఏదీ కట్టలేకపోతున్నాను.

మేం కట్టిన తీరు ఇది. ఏ ఎంట్రీ అయినా ముందు ఫోన్లోని డేటాబేస్‌లోకి వెళుతుంది. స్క్రీన్ మీద కనిపించేది ఎప్పుడూ ఆ డేటాబేస్ లోదే. సర్వర్‌కి పంపాల్సినవి ఒక క్యూ టేబుల్‌లో చేరతాయి. ఎంట్రీ నంబరుని సర్వర్ ఇవ్వదు, పుట్టేటప్పుడే ఫోన్లో యూయూఐడీ (ఇంకో ఎంట్రీకి రాని గుర్తింపు సంఖ్య) తయారవుతుంది. దీనివల్ల పెద్ద లాభం ఉంది. ఎంట్రీ సర్వర్‌కి చేరి, 'అందింది' అన్న జవాబు దారిలో పోయిందనుకోండి. ఫోన్ మళ్ళీ పంపుతుంది. ఐడీ అదే కాబట్టి సర్వర్ దాన్ని రెండో ఎంట్రీగా రాయదు. ఇది లేని యాప్‌లలో ఒక్క డీజిల్ బిల్లు రెండుసార్లు పడుతుంది, సిగ్నల్ బాగోని రోజు మూడుసార్లు కూడా పడుతుంది. ఒకే బోటు లెక్కని యజమాని ఇంట్లో, గుమాస్తా హార్బర్‌లో మారిస్తే ఎవరిది నిలవాలన్న చిక్కు కూడా ఉంది. దీనికి మేం పాత పద్దు పుస్తకం పద్ధతే తీసుకున్నాం. అందులో రాసింది చెరపరు, కొట్టేసి కింద ఇంకో వరుస రాస్తారు. మా సర్వర్‌లోనూ అంతే. మార్పు అంటే కొత్త వరుస, పాతది అలాగే ఉంటుంది, ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. గొడవ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి చూసుకుని తేల్చుకుంటారు.

సింక్ చేయడానికి, అంటే ఫోన్లో ఉన్నవి సర్వర్‌కి చేర్చడానికి, ఆండ్రాయిడ్‌లో వెనకాల పనులు నడిపే వర్క్ మేనేజర్ వాడతాం. నెట్ ఉన్నప్పుడే నడవాలని షరతు పెట్టొచ్చు, ఫోన్ రీస్టార్ట్ అయినా పని గుర్తుంటుంది, విఫలమైతే మామూలుగా 30 సెకన్లతో మొదలుపెట్టి వ్యవధి పెంచుకుంటూ మళ్ళీ ప్రయత్నిస్తుంది. అయినా దాని మీదే భారం వేయకండి. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే పనుల్ని ఆపేస్తాయి. ఏ కంపెనీ ఫోన్ ఏం చేస్తుందో డోంట్ కిల్ మై యాప్ అనే సైట్‌లో వివరంగా ఉంటుంది, ఒకసారి చదవండి. మేం యాప్ తెరిచిన ప్రతిసారీ కూడా క్యూ ఖాళీ చేయడానికి చూస్తాం. ఇంకా పంపనివి ఎన్ని ఉన్నాయో పైన చిన్న అంకెతో చూపిస్తాం. రాసింది ఫోన్లో ఉందా, సర్వర్‌కి కూడా వెళ్ళిందా అన్నది యూజర్‌కి తెలియాలి. అది తెలుసుకోవడం ఆయన హక్కు.

డబ్బు విషయంలో ఒక మాట. రూపాయల్ని డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యల రకంలో, దాచకండి. 0.1కి 0.2 కలిపితే కంప్యూటర్‌లో సరిగ్గా 0.3 రాదన్నది కాలేజీలోనే విని ఉంటారు, కానీ నెలాఖరు లెక్కలో పైసా తేడా వచ్చినప్పుడు యజమాని అడిగే ప్రశ్నకి ఆ జవాబు పనికిరాదు. పైసల్ని పూర్ణాంకంగా, బరువుని గ్రాముల్లో పూర్ణాంకంగా దాచండి. లక్షల దగ్గర కామా పెట్టడానికి సొంత కోడ్ రాయొద్దు, నంబర్ ఫార్మాట్‌కి భారత లొకేల్ (దేశం, భాష సెట్టింగు) ఇస్తే 1,00,000 అని అదే పెడుతుంది. ఫోన్ గడియారం మీద ఆధారపడటం కూడా మంచిది కాదు. తేదీ తప్పుగా ఉన్న ఫోన్లు చాలా ఉంటాయి, అందుకని ఫోన్ సమయంతోపాటు సర్వర్‌కి అందిన సమయం విడిగా రాయండి.

బ్యాకప్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రూమ్ అడుగున ఉండేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. చాలా ఫోన్లలో అది రైట్ అహెడ్ లాగ్ పద్ధతిలో నడుస్తుంది. అంటే తాజాగా రాసినవి ముందు పక్కనే ఉండే వాల్ ఫైల్‌లో పడి, తర్వాత అసలు ఫైల్‌లోకి చేరతాయి. బ్యాకప్ పేరుతో అసలు డేటాబేస్ ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే, సరిగ్గా ఆరోజు రాసిన లెక్కే అందులో ఉండకపోవచ్చు. కాపీ చేసేముందు చెక్‌పాయింట్ చేయండి (వాల్‌లో ఉన్నవి అసలు ఫైల్‌లోకి చేర్చండి), లేదా డేటాబేస్ మూసి కాపీ తీయండి. తీసిన బ్యాకప్‌ని వేరే ఫోన్లో తెరిచి చివరి ఎంట్రీ కనిపిస్తోందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ ఒక యాప్‌కి 25 ఎంబీ దాకా గూగుల్ డ్రైవ్‌లో దాస్తుంది. లెక్కలకి అది సరిపోవచ్చు, ఫోటోలకి చాలదు.

డేటాబేస్ మైగ్రేషన్ (కొత్త వెర్షన్‌లో టేబుల్స్ రూపం మారితే పాత సమాచారాన్ని అందులోకి తేవడం) గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్ అన్న ఒక్క లైను రిలీజ్ బిల్డ్‌లో ఉంటే, మైగ్రేషన్ రాయడం మరిచిన రోజు యూజర్ టేబుల్స్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. యాప్ మాత్రం ఏ లోపం లేనట్టు తెరుచుకుంటుంది. ఆ లైను కోడ్‌లో కనిపిస్తే బిల్డ్ ఆగిపోయేలా, కోడ్‌ని దానంతటదే కట్టి పరీక్షించే మా సీఐ వ్యవస్థలో పెట్టాం. ప్రతి వెర్షన్ స్కీమాని (టేబుల్స్ రూపం) జేసన్ ఫైల్‌గా ఎగుమతి చేసి గిట్‌లో ఉంచుతాం. మైగ్రేషన్ టెస్ట్ హెల్పర్‌తో పాత వెర్షన్ డేటాబేస్ కట్టి, అందులో వరుసలు నింపి, కొత్త వెర్షన్‌కి తెచ్చి, మొత్తం సొమ్ము అదే వస్తోందా అని చూస్తాం. ఒక వెర్షన్ నుంచి దాని పక్క వెర్షన్‌కి మాత్రమే పరీక్షించి వదిలేయకండి. ఏడాదిగా అప్‌డేట్ చేయని ఫోన్లు హార్బర్‌లో కావలసినన్ని ఉన్నాయి.

ఇంత చేసినా పెద్ద మార్పులకి ఒక కాలం ఉండాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపల సంతానోత్పత్తి కోసం మర పడవల వేటని నిషేధిస్తారు. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, బోట్లకి రంగులు వేసుకుంటారు. మా డేటాబేస్ మార్పులన్నీ ఆ రెండు నెలల్లోనే బయటికి వెళతాయి. ఏదైనా తేడా వచ్చినా అప్పుడు వేలం లేదు, ఎవరి రోజూ పాడవదు, యజమానులు కూడా తీరిగ్గా కూర్చుని ఎక్కడ ఏం కుదరలేదో చెబుతారు. జూన్ రెండో వారం వచ్చిందంటే కోడ్ ఫ్రీజ్, ఇక మార్పులు ఉండవు. మీ యూజర్లకి కూడా ఇలాంటి కాలం ఏదో ఒకటి ఉంటుంది. బడి యాప్ అయితే వేసవి సెలవులు, వ్యవసాయం యాప్ అయితే కోతలు అయిపోయాక. మీ స్ప్రింట్ (పని విడతల) క్యాలెండర్ పక్కన వాళ్ళ క్యాలెండర్ పెట్టుకోండి.

తెలుగు అక్షరాల దగ్గర పడాల్సిన శ్రమ ఇంకా ఎక్కువ. ఇంగ్లిష్‌లో డిజైన్ చేసి చివర్లో అనువాదం దించితే మొదట తెగేవి వత్తులు. బటన్ ఎత్తు ఇన్ని డీపీలని (తెర మీద కొలత) కట్టేస్తే 'ఖర్చు' కింద చావత్తో, 'ఎంట్రీ' కింద రావత్తో సగం తెగిపోతుంది. ఎత్తు కట్టేయకుండా అంచుల దగ్గర జాగా ఇవ్వండి. పైగా ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల సైజు 200 శాతం దాకా పెంచుకోవచ్చు, నలభై దాటినవాళ్ళు పెంచుకుంటున్నారు కూడా. యాప్‌ని ఆండ్రాయిడ్ 15కి తగ్గట్టు కడితే (టార్గెట్ చేస్తే), అక్షరాలకి పైనా కిందా జాగా ఇచ్చే ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనేది దానంతటదే ఆన్ అవుతుంది. ఆ మార్పు వర్తించే లిపుల్లో తెలుగు ఉంది. చదవడానికి మంచిదే, కానీ వరుసలు పొడుగెక్కి పాత స్క్రీన్లు కదులుతాయి. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్ కొత్త యాప్‌లకి, అప్‌డేట్లకి ఆ టార్గెట్ అడుగుతోంది కాబట్టి తప్పించుకునే దారి లేదు. మీ తెలుగు స్క్రీన్లన్నీ ఒకసారి తెరిచి చూడండి.

అక్షరాలు లెక్కపెట్టడం ఇంకో చిక్కు. 'స్త్రీ' మన కంటికి ఒక అక్షరం. మేం కోడ్ రాసే కోట్లిన్ భాషలో లెంగ్త్ (పొడవు) అడిగితే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. దీన్ని ఒకటిగా చూడాలా మూడుగా చూడాలా అన్నదాని మీద లిపులకి కోడ్‌లు ఇచ్చే యూనికోడ్ నియమాలు 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో మారాయి, కాబట్టి లైబ్రరీ పాతదైతే ఒక జవాబు, కొత్తదైతే ఇంకో జవాబు వస్తుంది. పేరులో మొదటి అక్షరం తీసి గుండ్రటి బొమ్మలో పెట్టే డిజైన్ అందరూ చేస్తారు. మొదటి క్యారెక్టర్ మాత్రమే తీస్తే శ్రీనులందరూ 'శ' అయిపోతారు. అక్షరాల సరిహద్దులు చెప్పే బ్రేక్ ఇటరేటర్ వాడి, పాత ఫోన్లో, కొత్త ఫోన్లో రెండింటిలోనూ చూసుకోండి. ఎస్సెమ్మెస్ పంపే యాప్ అయితే ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 కోడ్ యూనిట్లే ('స్త్రీ' ఒక్కటే ఆరు). బాకీ గుర్తుచేసే రెండు వాక్యాల మెసేజ్ తెలుగులో రాస్తే ఖర్చు రెట్టింపు దాటుతుంది. దాని కోసం తెలుగు మానేయమని కాదు, వాక్యం బిగువుగా రాసుకోమని.

ఇవన్నీ చిన్న విషయాలు అనుకునేవాళ్ళకి 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. మన 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కోడ్ వరుసలో వచ్చిన మెసేజ్ అందితే ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద సంస్థ టెస్టింగ్‌లోంచి కూడా మన లిపి జారిపోయింది. మన యాప్‌లో మన లిపిని మనమే పరీక్షించకపోతే ఇంకెవరు చేస్తారు? మా టెస్టు డేటాలో 'రామారావు'తో పాటు 'వైశ్య', 'లక్ష్మీనృసింహం', 'సంతోష్‌కుమార్' లాంటివి ఎప్పుడూ ఉంటాయి.

టూల్స్ అంటే అందరూ సాఫ్ట్‌వేర్ పేర్లే చెబుతారు. నేను మొదట కొనమనేది పాత ఫోన్లు. మా ఆఫీసు అల్మరాలో ఒక అర వాటిదే. గ్లాసు పగిలినవి, బ్యాటరీ ఉబ్బబోయేముందు మార్చినవి, తక్కువ మెమరీ ఫోన్ల కోసం చేసిన ఆండ్రాయిడ్ గో ఉన్నవి. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది కాబట్టి కేబుల్ పోర్టు పాడైన ఫోన్ కూడా పనికొస్తుంది. జెనీమొబైల్ వాళ్ళ స్క్రీన్ కాపీ (scrcpy) అనే ఉచిత టూల్‌తో ఫోన్ తెర ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, మౌస్‌తోనే నడపొచ్చు. యూజర్ ముందు కూర్చుని చూసేటప్పుడు మాకు ఇది చాలా ఉపయోగపడింది. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకోనక్కర్లేదు, మన పని మనం పక్కన రికార్డు చేసుకోవచ్చు.

నెట్‌వర్క్ పరీక్షకి ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌లో నడిచే నకిలీ ఫోన్) ఎడ్జ్, అంటే పాత 2జీ, వేగం పెట్టి చూడటం మంచిదే. దానికంటే మంచి పరీక్ష మన ఊళ్ళోనే ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలెక్కి అరకు దాకా వెళ్ళండి. శృంగవరపుకోట దాటి ఘాట్‌లోకి వెళ్ళాక వరసగా సొరంగాలు వస్తాయి. సిగ్నల్ వస్తుంది, పోతుంది, ఒక్కోసారి పైన గీతలు కనిపిస్తాయి కానీ డేటా కదలదు. ఈ చివరిదే అన్నిటికంటే ప్రమాదం. కనెక్షన్ ఉందా అని మాత్రమే అడిగే కోడ్ అక్కడ మోసపోతుంది. నెట్‌వర్క్ కేపబిలిటీస్‌లో వ్యాలిడేటెడ్ (నిజంగా ఇంటర్నెట్ అందుతోంది) అవునా కాదా అన్నది కూడా చూడాలి, అది అవునన్నా టైమవుట్ ఉండాలి. సర్వర్‌తో మాట్లాడే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీలో కనెక్ట్, రీడ్, రైట్ ఒక్కోదానికి పది సెకన్లు ముందే పెట్టి ఉంటాయి, మొత్తం కాల్‌కి మాత్రం మనం పెడితే తప్ప గడువు లేదు. పెట్టండి. రైల్లో లాగ్స్ రాసుకుంటూ వెళితే కొండదిగేలోపు రెండు వారాలకి సరిపడా పని దొరుకుతుంది.

రోజూ వాడేవాటిలో స్ట్రిక్ట్ మోడ్, లీక్ కెనరీ రెండింటినీ డీబగ్ బిల్డ్‌లో మొదటిరోజే పెట్టేయండి. తెరని నడిపే మెయిన్ థ్రెడ్ మీద ఫైలు చదివితే మొదటిది పట్టిస్తుంది, వదలాల్సిన మెమరీ వదలకపోతే రెండోది చెబుతుంది. యూజర్ తాకిన దానికి యాప్ 5 సెకన్లు జవాబివ్వకపోతే ఏఎన్ఆర్ (యాప్ స్పందించట్లేదు) కింద పడుతుంది. గూగుల్ డెవలపర్లకి ఇచ్చే ప్లే కన్సోల్‌లోని ఆండ్రాయిడ్ వైటల్స్‌లో యూజర్‌కి తెలిసే క్రాష్ రేటు 1.09 శాతం, ఏఎన్ఆర్ రేటు 0.47 శాతం దాటితే స్టోర్‌లో మన యాప్ కనబడటం తగ్గొచ్చు. వీటిలో ఏదైనా ఒక ఫోన్ మోడల్‌లో 8 శాతం దాటినా ఆ మోడల్ వాళ్ళకి చూపేటప్పుడు ఇబ్బందే. నేను మొత్తం సగటు కంటే మోడల్ వారీ పట్టికనే ముందు తెరుస్తాను. సగటు బాగుండి, హార్బర్‌లో ఎక్కువగా కనిపించే ఒక్క మోడల్‌లో చెడిపోయి ఉంటే, నా యూజర్లకి సంబంధించినంతవరకు యాప్ చెడిపోయినట్టే.

రిలీజ్ ఎప్పుడూ అందరికీ ఒకేసారి ఇవ్వకండి. స్టేజ్డ్ రోలౌట్‌లో తక్కువ శాతం యూజర్లతో మొదలుపెట్టి, వైటల్స్, క్రాష్‌లని నమోదు చేసే క్రాష్‌లిటిక్స్ చూసుకుంటూ పెంచండి. ఒక్క విషయం మరవొద్దు: రోలౌట్ ఆపొచ్చు కానీ అప్పటికే అందుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేం. వాళ్ళకి ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో కొత్త బిల్డే పంపాలి. అందుకని అనుమానం ఉన్న ఫీచర్‌కి సర్వర్ నుంచే సెట్టింగులు మార్చే రిమోట్ కాన్ఫిగ్‌లో ఒక స్విచ్ పెట్టుకుంటే రాత్రికి రాత్రి ఆపేయొచ్చు. శుక్రవారం సాయంత్రం మేం ఏదీ బయటికి పంపం.

2023 నవంబర్‌లో హార్బర్‌లో రాత్రిపూట మంటలు లేచి నలభై దాకా బోట్లు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత బోటు కాగితాల ఫోటోలు కూడా దాచుకునే వీలు పెట్టమని చాలామంది అడిగారు. ఫోటోలని ఎంట్రీతో కలిపి పంపొద్దని అప్పుడే నిర్ణయించుకున్నాం. బరువైన ఫోటో ఎక్కక తేలికైన లెక్క ఆగిపోకూడదు. రెండూ వేర్వేరు క్యూల్లో వెళతాయి, ఫోటోలు కుదించి పంపుతాం. గ్యాలరీ పర్మిషన్ అడగం, ఫోటో పికర్ వాడతాం, యూజర్ ఎంచుకున్న ఫోటో ఒక్కటే మనకి అందుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకీ అనుమతి అడగాలి. యాప్ తెరవగానే కాకుండా, మొదటి బాకీ రాసినప్పుడు గుర్తుచేయమంటారా అని చెప్పి అడిగితే ఎక్కువమంది సరే అంటున్నారు.

యాప్ కట్టడానికి కోట్లినా, ఫ్లట్టరా అని అడిగేవాళ్ళకి నా జవాబు పొట్టిగానే ఉంటుంది. రెండూ మంచివే, మీ చేయి తిరిగింది ఏదైతే అది. మేం కోట్లిన్ ఎంచుకోవడానికి కారణం వెనకాల జరిగే సింక్, తక్కువ మెమరీ ఫోన్లు. ఏఐ సహాయంతో కోడ్ రాయడం మా దగ్గరా ఉంది. టెస్టులు రాయించుకోవడానికి బాగా పనికొస్తుంది. మైగ్రేషన్లు, డబ్బు లెక్కలు మాత్రం ఒక మనిషి రాసి, ఇంకో మనిషి చదవాలి. కోడ్ ఎవరు రాసినా పోయిన లెక్కకి జవాబు చెప్పాల్సింది మేమే.

డేటాబేస్‌ని ఎన్‌క్రిప్ట్ చేయడానికో, ఇంకో పనికో నేటివ్ లైబ్రరీలు (సీ, సీ++ లాంటి భాషల్లో రాసినవి) వాడుతుంటే అవి 16 కేబీ పేజీ సైజుకి, అంటే ఫోన్ మెమరీని పంచే ముక్క సైజుకి, సరిపోతాయో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్ 15, ఆపైన టార్గెట్ చేసే యాప్‌లకి 2025 నవంబర్ 1 నుంచి ప్లే స్టోర్ అది అడుగుతోంది. ఎక్కువసార్లు లైబ్రరీ కొత్త వెర్షన్ తీసుకుంటే సరిపోతుంది. వదిలేసిన లైబ్రరీ అయితే మార్చుకోవడమే. ప్లే స్టోర్‌కి పంపే బిల్డ్ మీద సంతకంగా పనిచేసే అప్‌లోడ్ కీని ఒకరి ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంచొద్దు. అసలు సంతకం కీని గూగుల్ దగ్గరే ఉంచే ప్లే యాప్ సైనింగ్ ఉంటే అప్‌లోడ్ కీ పోయినా గూగుల్‌ని అడిగి మార్పించుకోవచ్చు, కానీ ఆ రోజులన్నీ అప్‌డేట్ ఆగిపోతుంది.

చదువుకుంటూ మొదటి యాప్ పెట్టేవాళ్ళకి ఒక సంగతి. ప్లే డెవలపర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకైతే యాప్ అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ జరగాలి. మొదట్లో 20 మంది కావాలనేవారు, 2024 డిసెంబర్‌లో తగ్గించారు. ఆ పన్నెండుమందినీ హాస్టల్ రూమ్మేట్స్‌తో నింపేయకండి. మీ యాప్ ఎవరి కోసమో వాళ్ళని కనీసం సగంమందినైనా తీసుకోండి. పాత ఫోన్లలో పరీక్షించుకోవాలంటే శనివారం మధ్యాహ్నాలు మా ఆఫీసుకి రావచ్చు. ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ మీద చూడాలో ముందురోజు చెబితే ఆ ఫోన్ ఛార్జ్ చేసి ఉంచుతాం.